రెండు వందల గజాలు, నలుగురు వారసులు

మా వైపు వాటాలు పంచుకోవడమంటే ప్లాటు మధ్యలో గోడ లేపడమే. ఎల్‌బీ నగర్ నుంచి వనస్థలిపురం దాకా ఏ గల్లీలోకి వెళ్లినా ఒకదాని వీపు ఒకటి ఆనుకున్న సన్నటి ఇళ్లు కనిపిస్తాయి. నాన్న పోయాక మాకూ అందరూ అదే సలహా ఇచ్చారు. నేను ఒప్పుకోలేదు. అన్నయ్య మీద ప్రేమ కొద్దీ అనుకునేరు, లెక్క వేసి చూశాకే.

దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దెకుంటూ నాన్న 1980ల్లో కొన్న ఖాళీ ప్లాటది. 30 అడుగుల ముఖం, 60 అడుగుల లోతు, 200 గజాలు. గ్రామపంచాయతీ నాటి లేఅవుట్, అప్రూవల్ లేదు. వీలునామా రాయలేదు. స్వార్జితం కాబట్టి 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మ, అన్నయ్య, నేను, చెల్లి నలుగురికీ సమాన హక్కు. మనిషికి యాభై గజాలన్నమాట. అమ్మకు చెబితే, “అందులో ఏం కట్టుకోనురా, తులసికోటా?” అంది.

చెల్లికి డబ్బిచ్చి మిగతాది రెండు ముక్కలు చేద్దామని అన్నయ్య. అడ్డంగా కోస్తే వెనక ముక్కకు రోడ్డుండదు. దారి వదలాలి, అది ఎవరి వాటాలోంచి అనే దగ్గరే తగాదా మొదలు. నిలువుగా కోస్తే చెరి పదిహేను అడుగులు. రెండువైపులా తొమ్మిదంగుళాల గోడలు, మెట్లకు మూడడుగులు పోతే గది వెడల్పు పదడుగుల చిల్లర. బోర్లు రెండు, సంపులు రెండు, మెట్లు రెండు. కలిపి ఉంచితే ఇది 167 చదరపు మీటర్ల ప్లాటు. 2012 నాటి భవన నిబంధనల జీవో 168 ప్రకారం ముందు మీటరున్నర, మిగతా వైపులా మీటరు చొప్పున వదిలినా ఇరవై మూడడుగుల వెడల్పు దక్కుతుంది. కిటికీ తెరిస్తే గాలి వస్తుంది.

అసలు చిక్కు అప్రూవల్ లేని లేఅవుట్లను క్రమబద్ధీకరించే పథకం ఎల్ఆర్ఎస్‌తో. 2020 ఆగస్టు 31న జీవో 131 రాగానే నాన్న వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టారు. మరుసటి నెల జీవో 135తో లెక్క మారింది: ధర ఇప్పటిది కాదు, ప్లాటు రిజిస్టరైన నాటిది చూస్తారు. మా సైజుకు చదరపు మీటరుకు 400 చొప్పున 66,800 రూపాయలు. నాటి విలువ గజం మూడు వేల లోపే కాబట్టి అందులో 20 శాతం, 13,360. ఖాళీ స్థలం వదలని లేఅవుట్ కాబట్టి ప్లాటు విలువలో మరో 14 శాతం, అదీ పాత విలువ మీదే. నాన్న దస్తావేజు మీది తేదీయే మాకు ఆస్తి. 2025లో పాతిక శాతం రాయితీ ఇచ్చినప్పుడు కట్టేశాం.

ఆ పథకం 2020 ఆగస్టు 26 నాటికి రిజిస్టరైన ప్లాట్లకే. ఇప్పుడు కోసిన ముక్క అందులోకి రాదు, సబ్‌డివిజన్‌కు విడిగా అనుమతి తెచ్చుకోవాల్సిందే. అది లేకుండా గోడ కట్టామంటే, డబ్బు పోసి సక్రమం చేయించుకున్న ప్లాటును చేతులారా రెండు అక్రమ ముక్కలు చేసుకున్నట్టే. అమెరికాలో చాలాచోట్ల చిన్న స్థలాన్ని విడగొట్టాలంటే ముందు స్థానిక బోర్డు ఎదుట విచారణ, ఇరుగుపొరుగు అభ్యంతరాలు. మనకు ముందు గోడ, ఆ తర్వాత పథకం కోసం ఎదురుచూపు. 2007, 2015, 2020... అలవాటైపోయింది.

చివరికి ప్లాటు కోయకుండా ఒకే ఇల్లు కడదామని తేల్చుకున్నాం. చెల్లికి ఇచ్చింది మార్కెట్ ధరే. సబ్‌రిజిస్ట్రార్ విలువ ప్రకారం ఇద్దామని అన్నయ్య గొణిగాడు గానీ, 2018లో మెట్రో ఎల్‌బీ నగర్ దాకా వచ్చాక పెరిగిన ధరలో ఆడపిల్లకు వాటా లేదనడం ఏ లెక్కకూ నిలవదు. నేను పీఎఫ్‌లోంచి తీశాను, వాడు బంగారం తాకట్టు పెట్టాడు. చెల్లి రిలీజ్ డీడ్ రాసింది. అమ్మ మాత్రం తన వాటా తన పేరునే ఉండాలంది, సంతోషంగా ఒప్పుకున్నాను. ముసలితనంలో ఆస్తి పేరున ఉన్న మనిషికి దక్కే మర్యాదే వేరు.

600 గజాల లోపు ప్లాటులో పది మీటర్ల ఎత్తు దాటని ఇల్లు కాబట్టి స్వీయ ధ్రువీకరణతో అనుమతి వచ్చింది. లోనుకు ముగ్గురం సంతకాలు పెట్టాం. అంతస్తులు ఎవరివో, ఎవరైనా అమ్మదలిస్తే ముందు మిగతావాళ్లను ఎంత గడువిచ్చి అడగాలో రాతకోతలు పూర్తయ్యాయి. తేలనిది టెర్రస్ ఒక్కటే. అన్నయ్యకు సోలార్ పలకలు కావాలి, మా ఆవిడకు కూరగాయల కుండీలు కావాలి.