పెన్న వెంట రెండు రోజుల సఫర్

పెన్న చూడ్డానికి గరీబు నది. కర్ణాటకలో నందికొండల దగ్గర పుట్టి, దాదాపు 600 కిలోమీటర్లు నడిచి, నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలుస్తుంది. అంత పొడవున్నా ఏడాదిలో చాలా రోజులు నీళ్లకంటే ఇసుకే ఎక్కువ కనిపిస్తుంది. గోదావరి మీద వచ్చినంత షాయరీ పెన్న మీద రాలేదు. కానీ సైకిలు తొక్కేవాడికి ఇంతకంటే మంచి నదిలోయ దొరకదని నా ఖయాల్. గండికోట నుంచి ఒంటిమిట్ట దాకా కొద్ది దూరానికో తారీఖ్ ఉన్న ఊరు తగులుతుంది. ఆ ఊళ్ల మధ్య నల్లరేగడి చేలు, నాపరాళ్ల గోడలు, టీ కొట్లు. పెద్ద ఎక్కుళ్లు లేవు. కావలసిందల్లా ఓపిక, నీళ్ల సీసాలు రెండు.

మొన్న జనవరిలో రెండు రోజులు ఈ దారిలో తొక్కాను. మొదటి రోజు గండికోట, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, ఎర్రగుంట్ల, కమలాపురం మీదుగా కడప. రెండో రోజు సిద్ధవటం, ఒంటిమిట్ట చూసుకుని మళ్లీ కడప. పక్కదారులతో కలిపి 170 కిలోమీటర్లకు అటూ ఇటూ.

ఈ దారి నాకు ఫోన్‌లోని మ్యాపు చెప్పలేదు, అబ్బా చెప్పాడు. ప్రొద్దుటూరు అంటే అందరికీ బంగారం గుర్తొస్తుంది గానీ, గుడ్డల వ్యాపారం కూడా పెద్దదే. అక్కడి హోల్‌సేల్ దుకాణాల్లో చీరలు, లుంగీలు, జాకెట్ గుడ్డలు తీసుకుని, హెర్క్యులస్ సైకిలు క్యారియర్ మీద మూట కట్టి, అబ్బా ముప్పై ఏళ్లు ఊరూరా తిరిగి అమ్మాడు. నగద్ తక్కువ, ఉధార్ ఎక్కువ. శనగలు అమ్ముకున్నాక రైతులు డబ్బులిచ్చేవాళ్లు. హిసాబ్ అంతా జేబులో పట్టే ఖాతా పుస్తకంలో ఉండేది. ఇప్పుడు ఆయనకు డెబ్బై దాటాయి. మోకాళ్లు అరిగిపోయి, నమాజ్ కూడా కుర్చీలో కూర్చునే చదువుతాడు.

హైదరాబాద్ నుంచి నేను తెచ్చిన రోడ్ బైకును చేత్తో పైకెత్తి చూశాడు. తొమ్మిది కిలోలు. సన్నటి టైర్లు, వంగిన హ్యాండిలు.

"ఇస్కు క్యారియర్ నై క్యా రే?" అన్నాడు.

దీనికి క్యారియర్ పెట్టరు అబ్బా అన్నాను.

"తో ఇస్‌పో క్యా బేచ్తా?"

దీని మీద ఏం అమ్ముతావని అడిగిన మనిషికి షౌక్ కోసం తొక్కుతానని చెప్పడానికి నోరు రాలేదు. అయినా చెప్పాను. ఆయన నవ్వి, తను తిరిగిన ఊళ్ల పేర్లు వరసగా చెప్పాడు, తస్బీహ్ పూసలు జరిపినట్టు. చివర్లో ఒక మాట అన్నాడు. "కలమల్లకు పోతే అడుగు. ప్రొద్దుటూరు చీరల సాయిబు గుర్తుండాడా అని."

మొదటి రోజు తెల్లవారక ముందే తమ్ముడు ట్రాలీ ఆటోలో నన్నూ సైకిల్నీ గండికోటలో దింపాడు. ఎర్రమల కొండలను పెన్న కోసుకుంటూ పోయిన గండి అది. కిందికి చూస్తే ఎర్రటి రాతిపలకలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు, వాటి అడుగున పచ్చగా నీళ్లు. కోటను పెమ్మసాని నాయకులు చాలా కాలం ఏలారు. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకున్నాడు. 1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే అతన్ని వెతుక్కుంటూ ఇక్కడికే వచ్చాడు. జామియా మసీదు, ధాన్యాగారం, మాధవరాయస్వామి గుడి అన్నీ ఒకే కోటలో ఉన్నాయి. ఎండ ముందు గోపురం మీద పడింది, తర్వాత మినార్ల మీదికి దిగింది. ఫోటోలు తీసుకునే కుర్రాళ్లంతా గండి అంచున ఉన్నారు, మసీదు వైపు నేనొక్కణ్నే.

అబ్బా చెప్పిన పేర్లలో తాళ్లప్రొద్దుటూరు ఉంది. అది ఇప్పుడు లేదు. గండికోట రిజర్వాయర్‌లో నీళ్లు నింపినప్పుడు మునిగిపోయిన ఊళ్లలో అదొకటి. 2020లో ఇళ్లు ఖాళీ చేసే ముందు జనం రోజుల తరబడి ధర్నా చేశారు. అక్కడి పిల్లలు ఇప్పుడు పునరావాస కాలనీల్లో పెరుగుతున్నారు. ఆ పేరు వచ్చినప్పుడు అబ్బా కూడా ఒక క్షణం ఆగాడు. "అక్కడ నాకు రావాల్సిన బాకీ కూడా నీళ్లల్లో పోయింది లే" అన్నాడు. ఈ లోయకు నీళ్లు కావాలి, అందులో షక్ లేదు. మెట్టచేలల్లో శనగ తప్ప వేరే గతి లేని రైతును అడిగితే తెలుస్తుంది. కానీ ఆ నీళ్ల ఖరీదు ఊళ్ల రూపంలో కట్టిన వాళ్లు కూడా ఈ లోయ మనుషులే.

గండికోట నుంచి జమ్మలమడుగు దాకా 15 కిలోమీటర్లు. దారి ఎక్కువగా దిగుడే, తొక్కకుండా కూడా సాగిపోతుంది. ఆ తర్వాత నేల చదును, తూరుపుగాలి ఎదురు. జనవరిలో పెన్న వెంట కిందికి పోయేవాడికి గాలితో పంచాయితీ తప్పదు. హ్యాండిలు కింది వంపు పట్టుకుని, తల వంచుకుని, గంటకు 20 కిలోమీటర్లు దాటకుండా తొక్కాను. రెండు పక్కలా శనగచేలు. కాయ పట్టిన చేలల్లో పొద్దున పూట ఒక పులుపు వాసన ఉంటుంది, కారులో పోయేవాళ్లకు అందదు. హెల్మెట్టు, నల్లద్దాలు, బిగుతు నిక్కరు చూసి బడిపిల్లలు "హలో సార్" అని కేకేశారు. "యాడికి రా పోతాండారు?" అని అడిగేసరికి నోళ్లు తెరిచి, తర్వాత పడీపడీ నవ్వారు.

ప్రొద్దుటూరులో ఇంటికి వెళ్లలేదు. వెళ్తే అమ్మీ అన్నం పెట్టకుండా వదలదు. పెన్న మీది వంతెన దాటి ఎర్రగుంట్ల వైపు సాగాను. సిమెంటు లారీలు, నాపరాళ్ల ట్రాక్టర్లు, తెల్లటి దుమ్ము. రోడ్డు అంచున తొక్కేవాడు ఇక్కడ చెవులను అద్దాల్లాగా వాడుకోవాలి. అక్కణ్ణించి కలమల్లకు తిరిగాను.

కలమల్ల పేరు తెలుగు చదువుకున్న ప్రతివాడికీ తెలిసి ఉండాలి. ఇక్కడి చెన్నకేశవస్వామి గుడి ఆవరణలో దొరికిన శాసనం ఎరికల్ ముత్తురాజు ధనంజయుడనే రేనాటి చోళరాజుది. కాలం సుమారు 575. అంతకు ముందు రాజుల రాళ్లన్నీ ప్రాకృతంలోనో సంస్కృతంలోనో మాట్లాడేవి. రేనాటి చోళులు జనం భాషను రాతికెక్కించారు. పూర్తిగా తెలుగులో ఉండి ఇప్పటిదాకా దొరికిన శాసనాల్లో పాతది ఇదేనని పరిశోధకుల మాట. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చే ముందు నడిచిన చర్చల్లో ఈ రాయి ఒక పెద్ద సుబూత్. రేనాడు అంటే నేను పొద్దుటి నుంచి తొక్కుతున్న ఈ నేలే.

హైదరాబాద్‌లో ఆదివారాలు ఒక గుంపుతో సైకిలు తొక్కుతాను. కిందటేడు ఒక దోస్త్ టీ తాగుతూ అన్నాడు, "మీరు తెలుగు భలే మాట్లాడతారండీ, ముస్లింలా అనిపించరు" అని. తారీఫ్‌గానే అన్నాడు, మనసులో మైల్ లేదు. బడి రోజుల నుంచి ఈ తారీఫ్ నాకు అలవాటే. శుక్రియా అని ఊరుకుంటాను. కానీ ఊరుకున్న ప్రతిసారీ లోపల ఒక సవాల్ మిగిలిపోతుంది. మా అబ్బా, ఆయన అబ్బా, ఆయన పైవాళ్లు రేనాట్లో పుట్టి రేనాట్లో ఖబరస్తాన్‌కు పోయినవాళ్లు. తెలుగు మేము ఎక్కణ్ణించో వచ్చి నేర్చుకున్న హునర్ ఎట్లా అవుతుంది?

కలమల్లలో ఒక ఇంటి ముందు నాపరాళ్ల అరుగు మీద ఒక అవ్వ కూర్చుని శనక్కాయలు వలుస్తోంది. నీళ్లడిగాను. మజ్జిగ తెచ్చింది.

"ఎవురి పిల్లోడివి నాయనా?"

"ప్రొద్దుటూరు అవ్వా. మా నాయన సైకిలు మీద చీరలమ్మేవాడు. ముప్పై ఏండ్ల కిందట మీ ఊరికి వచ్చేవాడు. గుర్తుండాడా?"

ఆమె కాయలు వలవడం ఆపలేదు. "చీరల సాయిబులు శానామంది వచ్చేవాళ్లు నాయనా. ఎవురని చెప్పేది? గాజుల సాయిబు, పరుపుల సాయిబు, కళాయి పోసే సాయిబు. పొద్దు గుంకితే యీ అరుగు మీదే పండుకునేవాళ్లు."

దిల్ కొంచెం కుంగింది. అబ్బాకు ఏం చెప్పాలి? కమలాపురం దాకా అదే ఆలోచన. కమలాపురం దగ్గర పాపాఘ్ని వచ్చి పెన్నలో కలుస్తుంది. 2021 నవంబరు వరదల్లో దాని మీది వంతెన కూలిపోయింది. అదే నెల 19న చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్లకు ఊళ్లు కొట్టుకుపోయాయి. గరీబు నదే, కానీ దాని గుస్సా ఆ ఏడు అందరూ చూశారు. దారి మార్చి పుష్పగిరికి కూడా వెళ్లొచ్చాను. నదికి ఇటూ అటూ పాత గుళ్లు, మధ్యలో ఇసుక, అందులో సన్నటి పాయ. సైకిలు భుజాన వేసుకుని ఇసుకలో కాసేపు నడిచాను.

కడప చేరేసరికి చీకటి పడింది. తిరుమలకు గడప కాబట్టి కడప అయిందంటారు. గోల్కొండ సేనాని నేక్‌నామ్ ఖాన్ పేరు మీద కొంతకాలం నేక్‌నామాబాద్ అని కూడా పిలిచారు. 1820లో ఇక్కడికి ఉద్యోగానికి వచ్చిన సి.పి. బ్రౌన్ బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి, తాళపత్రాలు శుద్ధి చేయించాడు. ఆ స్థలంలోనే ఇప్పుడు ఆయన పేరు మీద లైబ్రరీ ఉంది. వేమన పద్యాలు అచ్చు వేయించిన దొరగా అందరికీ తెలుసు. 1854లో ఆయన ఇంకొక కితాబు తెచ్చాడు, మిశ్రభాషా నిఘంటువు. కచేరీల్లో, దస్తావేజుల్లో, బజార్లలో తెలుగువాళ్లు వాడే అరబ్బీ, ఫార్సీ, ఉర్దూ మాటలను ఏరి అర్థాలు రాశాడు. అబ్బా ఖాతా పుస్తకం నాకు గుర్తుంది. బాకీ, వసూలు, జమా, ఖర్చు, వాయిదా, రసీదు. అప్పు పడ్డ రైతు, అప్పు వసూలుకు వెళ్లిన సాయిబు, ఇద్దరూ ఆ మాటలను తెలుగనుకునే వాడారు. అనుకోవడం ఏమిటి, తెలుగే.

రాత్రి అబ్బాకు ఫోన్ చేశాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. సాయిబులు శానామంది వచ్చేవాళ్లంట, మీరు యాద్ లేరు అని. కాసేపు మాట లేదు. తర్వాత నవ్వు వినిపించింది. "హౌ, బహుత్ థే. యాద్ ఉండటానికి నేనేమన్నా నవాబునా?" అన్నాడు. పొద్దున్నే ప్రొద్దుటూరు నుంచి పదిమంది దాకా బయల్దేరేవాళ్లట. ఒకరు పెద్దముడియం వైపు, ఒకరు దువ్వూరు వైపు, ఒకరు ముద్దనూరు వైపు. ఎవరి ఊళ్లు వాళ్లవి, ఒకరి ఊరికి ఇంకొకరు పోకూడదని ఖరార్. ఎవరి సైకిలుకు ఏ రంగు గంట ఉండేదో కూడా చెప్పాడు. అరగంట మాట్లాడాడు, అంతసేపు ఆయన ఫోన్‌లో మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

ఆ మాటలు వింటుంటే నాకు అవ్వ మాట ఇంకో తీరుగా వినిపించింది. ఎప్పుడో ఒక్కడు వచ్చి ఉంటే వింతగా గుర్తుండేవాడు. అబ్బా లాంటివాళ్లు ఆ ఊరికి వింత కాదు. వానలాగా, శనగ పంటలాగా ఏటా వచ్చేవాళ్లు.

రెండో రోజు తేలిక. సిద్ధవటం కోట పెన్న ఒడ్డునే ఉంది. మట్లి రాజులు కట్టించారు, తర్వాత కడప మయానా నవాబుల చేతికి వచ్చింది. కోటలో గుళ్లూ ఉన్నాయి, బిస్మిల్లా షా వలీ దర్గా కూడా ఉంది. ఫాతిహా చదివి, ఒంటిమిట్టకు తొక్కాను. కోదండరాముడి గుడికి ఎక్కువ జనం కారుల్లో వస్తారు. గుడి దగ్గర ఒక పాత బావి ఉంది, పేరు ఇమాంబేగ్ బావి. 17వ శతాబ్దంలో కడప నవాబు తరఫున వచ్చిన ఇమాం బేగ్, పిలిస్తే మీ రాముడు పలుకుతాడా అని భక్తులను అడిగాడట. నువ్వే పిలిచి చూడమన్నారు. మూడుసార్లు పిలిస్తే మూడుసార్లూ "ఓ" అని వినిపించిందట. ఆయన గుడికి బావి తవ్వించాడు. కథలో ఎంత హకీకత్ ఉందో ఎవరి నమ్మకం వాళ్లది. నాకు నచ్చింది మాత్రం బావి. వాదన గెలవడానికి రాలేదు ఆయన, వెళ్లేటప్పుడు నీళ్లిచ్చి వెళ్లాడు.

మీరెవరైనా ఈ దారిలో తొక్కాలనుకుంటే నవంబరు నుంచి జనవరి లోపల రండి. మార్చి దాటితే కడప ఎండకు రహమ్ ఉండదు. టైర్లు 28 మిల్లీమీటర్లకు తగ్గనివ్వకండి, కలమల్ల వైపు రాళ్లముక్కలు ఎక్కువ. ఎర్రగుంట్ల లారీల దారి పొద్దున్నే దాటేయండి. అన్నిటికంటే ముఖ్యం, సగటు వేగం లెక్క చూసుకోకండి. ఈ లోయలో అరుగులు ఇంకా ఉన్నాయి, మజ్జిగ ఇచ్చేవాళ్లూ ఉన్నారు. ఆగి కూర్చోండి. మీరు ఎవరి పిల్లలో వాళ్లే అడుగుతారు.