కంచం... గరిటె... ఓ కుక్కపిల్ల

సంచీలోంచి స్టీలు కంచం, గరిటె బయటికి తీశారు మాస్టారు.

పెరట్లో కుర్చీ వేసుకుని కూర్చున్న పెద్దాయన తెల్లబోయారు. ‘ఏమండీ, కూనను చూడ్డానికొచ్చారా, భోజనానికొచ్చారా?’ అన్నారు తమిళ యాస కలిసిన తెలుగులో. గుమ్మంలో నిలబడ్డ ఆడవాళ్లు ముసిముసిగా నవ్వారు. మాస్టారి పక్కనున్న మనవడు మాత్రం నవ్వలేదు. ఆ కంచం ఎందుకో వాడికి తెలుసు. వాడి కుడిచేతి మీద చిన్నప్పటి పంటిగాట్ల మచ్చలు రెండు ఇంకా అలాగే ఉన్నాయి. ఆ మచ్చలకీ ఈ కంచానికీ సంబంధం ఉంది.

మాస్టారిది తెనాలి. ముప్ఫయ్యేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. కూతురూ అల్లుడూ హైదరాబాద్‌లో ఉంటారు. 2013లో అల్లుడికి కుక్కను పెంచాలని సరదా పుట్టింది. ఏ ఇంట్లో చూసినా ఉండే లాబ్రడార్ వద్దు, మన ఎండలకు తట్టుకునే మన దేశపు జాతి కావాలి అనుకున్నాడు. వెతగ్గా వెతగ్గా రాజపాళయం కుక్క మీద మనసు పడింది.

అల్లుడి ముచ్చట విని మాస్టారూ సంబరపడ్డారు. ఎందుకంటే ఆ ఊరు తమిళనాడులో, పడమటి కనుమల కింద విరుదునగర్ జిల్లాలో ఉన్నా, అక్కడ తెలుగు వినిపిస్తుంది. కొన్ని వందల ఏళ్ల కిందట తెలుగు నేల నుంచి వలస వెళ్లిన రాజుల కుటుంబాలు ఇప్పటికీ ఇళ్లలో తెలుగే మాట్లాడుకుంటాయి. 1949 నుంచి 1952 దాకా ఉమ్మడి మద్రాసు రాష్ట్రాన్ని పాలించిన పి.ఎస్.కుమారస్వామి రాజా ఆ ఊరివారే. ఆ ఊరి పేరే కుక్కకూ వచ్చింది. పాలెగాళ్ల కాలంలో ఇవి వేటకీ కాపలాకీ పనికొచ్చేవనీ, యుద్ధాల్లో తెల్లవాళ్ల గుర్రాల మీదికి ఉరికేవనీ అక్కడ కథలు కథలుగా చెప్పుకుంటారు. 2005లో తపాలా శాఖ నాలుగు భారతీయ జాతి కుక్కల మీద స్టాంపులు వేస్తే అందులో రాజపాళయం ఒకటి.

జాతి కుక్కను కొనేటప్పుడు ఏం చూడాలో అల్లుడు శ్రద్ధగా కాగితం మీద రాసుకున్నాడు. పాల నురుగులాంటి తెలుపు. గులాబీరంగు ముక్కు. బంగారు ఛాయ కళ్లు. వేలాడే చెవులు. పొట్టి, నున్నటి వెంట్రుకలు. లోతైన ఛాతీ, పొడవాటి తిన్నని కాళ్లు, చివరికి పోనుపోను సన్నబడే తోక. పెద్దదైతే భుజం దగ్గర రెండడుగులు దాటాలి. ఈ లక్షణాల పట్టికనే జాతి ప్రమాణం అంటారు. డాగ్ షోల్లో జడ్జీలు పక్క కుక్కతో పోల్చి కాదు, ఈ పట్టికతో పోల్చి మార్కులేస్తారు.

హైదరాబాద్‌లోనే ఓ బ్రోకరు బుట్టలో కూనను తెచ్చి చూపించాడు. అల్లుడు కాగితం తీసి ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకుంటూ వచ్చాడు. తెలుపు... ఉంది. ముక్కు... గులాబీ రంగే. ఒంటి మీద ఒక్క మచ్చయినా లేదు. పదికి పది మార్కులు! డబ్బిచ్చేసి కూనను ఇంటికి తెచ్చాడు. పేరు ముత్యం.

పిలిస్తే పలకదు!

ముత్యానికి అప్పటికి అయిదు వారాలు కూడా సరిగా లేవు. తల్లిని చూపించమంటే ‘ఊళ్లో ఉంది సార్’ అన్నాడు బ్రోకరు. తండ్రి సంగతి ఎవరూ అడగలేదు.

నెల తిరిగేసరికి ఇంట్లో విసుగు మొదలైంది. పేరు పెట్టి పిలిస్తే రాదు. వద్దంటే ఆగదు. గిన్నె కనబడితే మాత్రం పరుగెత్తుకొస్తుంది. ‘పొగరు. వేటకుక్క కదా, అలాగే ఉంటుంది’ అన్నారు చూసినవాళ్లు. మాట వినడం నేర్పాలని అల్లుడు పేపరు చుట్టి రెండు వేశాడు. తర్వాత బెత్తం వచ్చింది. దెబ్బ పడ్డప్పుడల్లా ముత్యం అటూ ఇటూ బిత్తరచూపులు చూసేది. ఎందుకు కొడుతున్నారో దానికి అంతుపట్టేది కాదు.

ఒక మధ్యాహ్నం అది సోఫా కింద నిద్రపోతోంది. నాలుగేళ్ల మనవడు వెనక నుంచి వెళ్లి దాని మెడ చుట్టూ చేతులేశాడు. ఉలిక్కిపడి లేచిన కుక్క, ఎవరో ఏమిటో చూసుకోకుండానే కరిచింది. రక్తం, ఏడుపులు, ఇంజెక్షన్లు... ఆ రాత్రే దాన్ని ఎవరికైనా ఇచ్చేయాలని ఇంట్లో తీర్మానమైపోయింది.

ఇచ్చేసే ముందు ఒకసారి పశువుల డాక్టరుకి చూపించారు. ఆయన దాన్ని బల్ల మీద నిలబెట్టి, అటువైపు చూస్తున్నప్పుడు వెనక నుంచి తాళంచెవుల గుత్తి గలగలలాడించారు. చెవి కదల్లేదు. చప్పట్లు కొట్టారు. కదల్లేదు. ‘ఇది మొండిది కాదండీ... చెవిటిది. పుట్టినప్పటి నుంచీ అంతే అయ్యుండాలి’ అన్నారు.

అల్లుడు చాలాసేపు మాట్లాడలేదట. కరిచినందుకు కుక్క మీద వచ్చిన కోపం కన్నా, వినపడని దాన్ని వినడం లేదని కొట్టిన సిగ్గే ఆ ఇంట్లో ఎక్కువ రోజులుంది.

తెలుపు వెనక...

డాక్టరు చెప్పింది మాస్టారు లెక్కల పాఠంలా గుర్తుపెట్టుకున్నారు. ఒంటికి రంగునిచ్చే కణాలు చర్మంలోనే కాదు, లోపలి చెవిలోనూ ఉండాలి. అక్కడ అవి లేకపోతే, శబ్దాన్ని పట్టుకునే సున్నితమైన కణాలు పుట్టిన కొద్ది వారాలకే చచ్చిపోతాయి. తెల్లటి ఒంటికీ పుట్టు చెవుడుకీ ఉన్న ఈ లంకె డాల్మేషియన్లలో బాగా తెలిసిందే. రాజపాళయంలోనూ చెవిటి కూనలు పుడతాయని పెంచేవాళ్లందరికీ తెలుసు. అలాగని తెల్లనివన్నీ చెవిటివి కావు. కానీ ఏ మచ్చలేని తెలుపును చూసి పదికి పది వేశారో, అసలు లోపం ఆ తెలుపు చాటునే ఉండొచ్చు. అల్లుడి కాగితంలో ఉన్నవన్నీ కంటితో చూసేవే. చెవికి సంబంధించిన ప్రశ్న అందులో లేదు.

ముత్యాన్ని మాస్టారు తెనాలి తీసుకొచ్చేశారు. క్లాసులో అల్లరి పిల్లల్ని నోరెత్తకుండా చూపుతో కూర్చోబెట్టిన మనిషి, దానికి చేతి సైగలు నేర్పారు. అరచెయ్యి కిందికి దించితే కూర్చోవాలి. గుండెల మీద తట్టుకుంటే దగ్గరికి రావాలి. చీకటి పడ్డాక పిలవాలంటే టార్చిలైటు రెండుసార్లు వెలిగించి ఆర్పడం. నిద్రలేపాలంటే ముక్కు దగ్గర చెయ్యి పెడితే చాలు, వాసనకే లేచేది. గేటు బయటికి గొలుసు లేకుండా ఒక్కసారీ వదల్లేదు. సెలవులకొచ్చిన మనవడు మొదట్లో దూరంగా ఉండేవాడు. రెండో వేసవికి వాడే సైగలు చేస్తూ వీధిలో పిల్లలకు ‘మా ముత్యం’ అని చూపించేవాడు.

పదకొండేళ్లు బతికి, 2024లో ముత్యం పోయింది.

ఈసారి సరిగ్గా చూద్దాం

ఏడాది గడిచాక మనవడే అడిగాడు. ‘తాతయ్యా, అదే జాతి తెచ్చుకుందాం. ఈసారి సరిగ్గా చూసి.’ అలా తాతా మనవలిద్దరూ మదురై దాకా రైల్లో, అక్కణ్నుంచి బస్సులో రాజపాళయం చేరారు. 2020 ఆగస్టులో ప్రధాని తన రేడియో ప్రసంగంలో ముధోల్, రాజపాళయం, చిప్పిపారై లాంటి దేశీ జాతుల్ని పెంచమన్నాక వీటిని అడిగేవాళ్లు పెరిగారు. అడిగేవాళ్లు పెరిగితే అమ్మేవాళ్లూ పెరుగుతారు. అందుకే ఫొటో చూసి కొనేది లేదని మాస్టారి పట్టుదల.

కూనల కన్నా ముందు తల్లిని చూపించమన్నారు. పెద్దాయన మారుమాట లేకుండా గొలుసు విప్పి తెచ్చారు. రెండు నెలల పిల్లలో జాతి లక్షణాలు సగమే తెలుస్తాయి. కూనలన్నిటికీ కళ్లు మొదట నీలంగానే ఉండి తర్వాత రంగు తిరుగుతాయి. ఎత్తు ఎంతొస్తుందో, ఛాతీ ఎంత దిగుతుందో ఎవరూ చెప్పలేరు. రేపు ఈ కూన ఎలా ఉంటుందో చూపించే అద్దం ఇవాళ్టి తల్లీ తండ్రే. తల్లి నడక తిన్నగా ఉంది. కొత్తవాళ్లను చూసి గుర్రుమంది గానీ, యజమాని చెయ్యి వేయగానే సర్దుకుంది. తండ్రి నాలుగు వీధుల అవతల ఇంట్లో ఉంటే అక్కడికీ వెళ్లొచ్చారు. రెండింటి చెవుల దగ్గరా తాళాల గుత్తి ఆడించి చూశారు.

తర్వాత కాగితాలు. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే పత్రంలో తల్లిదండ్రుల వివరాలు ఉంటాయి. మెడ దగ్గర చర్మం కింద పెట్టే మైక్రోచిప్‌లో పదిహేనంకెల సంఖ్య ఉంటుంది. స్కానర్‌లో కనిపించిందీ కాగితం మీద ఉన్నదీ ఒకటే కావాలి. మనవడు ఒక్కో అంకె చదువుతుంటే మాస్టారు వేలుపెట్టి సరిచూసుకున్నారు. అయితే ఆ కాగితం వంశాన్ని చెబుతుంది గానీ ఆరోగ్యాన్ని చెప్పదు. ఆస్తిపత్రం ఉన్నంత మాత్రాన ఇల్లు కురవదని హామీ ఉంటుందా!

కూనల వయసు అడిగారు. తొమ్మిది వారాలు. 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని కూనను అమ్మకూడదు. తల్లి దగ్గర, తోబుట్టువుల మధ్య ఆ వారాలు గడిపితేనే ఎంత గట్టిగా కొరకొచ్చో, ఎక్కడ ఆపాలో కూనకు తెలుస్తుంది. ముత్యానికి ఆ చదువూ దక్కలేదు.

పై పళ్లు కింది పళ్ల మీదికి కత్తెరలా కూర్చున్నాయో లేదో, మగకూనైతే వృషణాలు రెండూ దిగాయో లేదో చూశారు. అన్నీ అయ్యాక... కంచం.

ఇందులోనూ ఓ లెక్క ఉంది. కూనలన్నీ కలిసి ఉన్నప్పుడు చప్పుడు చేస్తే, వినపడ్డవి లేస్తాయి. వాటిని చూసి వినపడనిదీ లేస్తుంది. ముత్యం కూడా అలాగే బ్రోకరు కళ్లనైనా కప్పి ఉంటుంది. అందుకే ఒక్కొక్కదాన్నీ విడిగా పెట్టాలి. దాని కంటికి కనపడకుండా వెనక నిలబడాలి. కంచాన్ని నేలకు వేసి కొట్టకూడదు, అదురు పాదాలకు తెలిసిపోతుంది. గాల్లో పట్టుకుని కొట్టాలి.

ఠంగ్!

మొదటి కూన గిరుక్కున తిరిగింది. రెండోదీ అంతే. మూడోది బెదిరి పెద్దాయన కాళ్ల సందున దూరింది. నాలుగోది అన్నిటికన్నా తెల్లనిది. నలుసంత మచ్చ లేదు. పోటీకి పెడితే ముందు వరసలో నిలబడేలా ఉంది. మాస్టారు కంచం మోగించారు. అది ఎదురుగా ఉన్న చీమను చూస్తూ కూర్చుంది. మళ్లీ మోగించారు. తోక ఊపుకుంటూ చీమ వెనకే వెళ్లింది.

పెరట్లో నవ్వులాగిపోయాయి.

‘పోయిన వారమే అనుమానమొచ్చింది’ అన్నారు పెద్దాయన నెమ్మదిగా. ‘మా నాన్నగారి కాలంలో ఇలాంటివాటిని ఉంచేవారు కాదు. నేనైతే అమ్మనూ అమ్మను, ఈతకీ వాడను. ఇంట్లోనే ఉంటుంది.’

మాస్టారు కంచం సంచీలో పెట్టేసుకున్నారు. ఈ పరీక్ష పూర్తిది కాదనీ ఆయనకు తెలుసు. ఒక చెవే పనిచేసే కూన కంచం చప్పుడుకు నెగ్గిపోతుంది. రెండు చెవుల్నీ విడివిడిగా తేల్చాలంటే, తలకు సన్నని తీగలు తగిలించి శబ్దానికి మెదడు స్పందిస్తోందో లేదో చూసే పరీక్ష చేయించాలి. ఆ సంగతి చెబితే పెద్దాయన శ్రద్ధగా విన్నారు. తల్లిదండ్రులకు ఆ పరీక్ష చేయించాకే మళ్లీ ఈతకు కలుపుతానన్నారు.

మనవడు రెండో కూనను ఎత్తుకున్నాడు. దాని ఎడమ చెవి మీద టీ చుక్క పడ్డట్టు చిన్న గోధుమరంగు మచ్చ ఉంది. ‘పోటీలకు తీసుకెళ్తే దీనికి మార్కులు పోతాయి, ముందే చెబుతున్నా’ అన్నారు పెద్దాయన. ‘పోనివ్వండి. పిలిస్తే పలికింది కదా’ అన్నారు మాస్టారు.

బస్సుకు టైమైంది. సంచీ భుజాన వేసుకుని వెనక్కి చూస్తే మనవడు లేడు. పెరట్లో, ఆ తెల్ల కూన ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. పక్కనే ఆ ఇంటి చిన్నపిల్ల, ఏడెనిమిదేళ్లుంటాయేమో. ‘పేరు పెట్టి పిలవకు. నీ వైపు చూసేదాకా ఆగు. చూడగానే ఇలా తట్టుకో’ అని గుండెల మీద చెయ్యి వేసి చూపిస్తున్నాడు వాడు. ‘వస్తే వెంటనే ఏదైనా తినిపించు. నిద్రలో ఉన్నప్పుడు మాత్రం వెనక నుంచి ముట్టుకోకు.’ ఆ మాటన్నప్పుడు చొక్కా చెయ్యి పైకి మడిచి, మచ్చలు కూడా చూపించాడు.

వీళ్లు వీధి మలుపు తిరిగేటప్పటికీ ఆ పిల్ల అక్కడే కూర్చుని ఉంది. కూన ఇంకా దాని వైపు చూడలేదు. చూసేదాకా ఆగాలి కదా మరి!