జక్కయ్య లెక్క

ప్లస్‌టూ చదివేటప్పుడు నాయనమ్మ దిండు కింద దాచుకున్న పింఛను డబ్బులోంచి 200 రూపాయలు తీశాను. అనుమానం పనికొచ్చే అక్క మీదికి పోయింది. అమ్మ ఆమెని మాన్పించేసింది. నేను నోరు విప్పలేదు.

ఆ రాత్రి నుంచీ ప్రార్థనలో క్షమాపణ అడుగుతూనే ఉన్నాను. ఏడ్చేదాన్ని కూడా. దేవుడి దగ్గర ఏడవడం తేలికే, ఆయన వీధిలో ఎదురుపడడు కదా!

ఈ ఏడు శ్రమదినాల్లో మా తెలుగు చర్చిలో లూకా సువార్త 19వ అధ్యాయం చదివారు. సుంకరి జక్కయ్య పొట్టివాడనీ, మేడిచెట్టు ఎక్కాడనీ సండే స్కూల్లో చేతులూపుతూ పాడినదాన్నే. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడని మాత్రం ఈసారే చెవికెక్కింది.

నాలుగంతలంటే 800. నాయనమ్మ ఇప్పుడు లేదు. అమ్మకి చెప్పి, తిట్లు తిని, స్కాలర్‌షిప్ డబ్బు తీసుకుని అక్క ఇంటికి వెళ్ళాను. ఆమె అంతా విని, నోట్లు కొంగున ముడేసుకుంది.

"ఇది సరే పాపా. మీ అమ్మ దొంగంటే మిగతా మూడిళ్ళవాళ్ళూ నన్ను మాన్పించేశారు. వాళ్ళకెవరు చెప్తారు?" అంది.

రెండిళ్ళకి వెళ్ళి చెప్పొచ్చాను. మూడో ఇంటి అమ్మాయి మన కాలేజీలోనే చదువుతోంది. ఈ గోడపత్రిక రోజూ చూస్తుంది.