తొమ్మిది కోట్ల ముప్ఫై లక్షలు



కొంతకాలంగా మా సంఘంలో యౌవనస్థుల నోట ఒకటే పేరు వినబడుతోంది: వన్ పీస్. అది జపాను వాళ్ళు తీసిన బొమ్మల సీరియల్. పిల్లలు దాన్ని యానిమే అంటారు. తల్లిదండ్రులేమో మా దగ్గరకొచ్చి, "అయ్యగారూ, అందులో సముద్రపు దొంగలే హీరోలంట, దెయ్యాల పండు తింటారంట, మీరైనా గట్టిగా చెప్పండి" అన్నారు. చూడనిదాని మీద తీర్పు చెప్పడం న్యాయం కాదు కదా. అందుకని మేము దంపతులం ఒక నెలపాటు, రాత్రి కుటుంబ ప్రార్థన అయ్యాక, ఫోనులో కింద ఇంగ్లీషు అక్షరాలు చదువుకుంటూ మొదటి 44 భాగాలు చూశాము.

మా చిన్నతనంలో దూరదర్శన్‌లో ఆదివారం వచ్చిన మౌగ్లీ కథ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అదీ జపాను బొమ్మే. ఆ తర్వాత మేము చూసింది ఇదే. ఎయిచిరో ఓడా అనే ఆయన ఈ కథను 1997లో ఒక వారపత్రికలో బొమ్మలుగా మొదలుపెట్టారు. 1999 నుండి టీవీలో వస్తోంది. వెయ్యి భాగాలు దాటినా ఇంకా ముగియలేదు.

కథానాయకుడు లూఫీ అనే కుర్రాడు. తలమీద గడ్డి టోపీ. ఒక వింత పండు తినడం వల్ల అతని ఒళ్ళు రబ్బరులా సాగుతుంది. అయితే ఆ పండు తిన్నవాడు ఇక ఈత కొట్టలేడు, నీళ్ళలో పడితే రాయిలా మునిగిపోతాడు. ఈత రానివాడు ఓడకు నాయకుడా అని మాకు నవ్వొచ్చింది. అంతర్వేది దగ్గర వేటకెళ్ళే మన సహోదరులు వింటే అసలు పడవే ఎక్కనివ్వరు. కానీ అతను ఆ సంగతి దాచుకోడు. నేను మునిగితే తీసేవాళ్ళు నాకు కావాలి అన్నట్టు తోటివాళ్ళ మీద ఆధారపడతాడు.

ప్రియులారా, మమ్మల్ని కదిలించింది మాత్రం నామి అనే అమ్మాయి కథ. 31వ భాగం నుండి 44వ భాగం వరకు అది నడుస్తుంది. ఆమె పుట్టెరుగని బిడ్డ. బెల్‌మేర్ అనే స్త్రీ ఆమెనూ నోజికో అనే మరో పిల్లనూ తెచ్చి, నారింజ తోట చేసుకుంటూ పెంచుకుంది. అర్లాంగ్ అనే దుష్టుడు ఊరి మీద పడి తలపన్ను వేశాడు. పెద్దవాళ్ళకు లక్ష, పిల్లలకు యాభై వేలు, కట్టలేనివాళ్ళకు చావు. ఆ తల్లి దగ్గర సరిగ్గా లక్షే ఉంది. తనకు పిల్లలు లేరని చెప్పి ఆ డబ్బుతో తన ప్రాణం దక్కించుకోవచ్చు. ఆమె అలా చెప్పలేదు. వాళ్ళు నా బిడ్డలేనని ఒప్పుకుని, ఇద్దరికీ కట్టి, తాను చనిపోయింది.

అప్పుడు నామికి పదేళ్ళు. పది కోట్లు తెస్తే ఊరిని వదిలేస్తానని అర్లాంగ్ మాటిచ్చాడు. ఎనిమిదేళ్ళు ఆమె వాడికి సముద్రపు పటాలు గీస్తూ, దొంగల దగ్గర దొంగిలిస్తూ, ఒంటరిగా తొమ్మిది కోట్ల ముప్ఫై లక్షలు పోగుచేసింది. ఇంకో డెబ్భై లక్షలే తక్కువ. అప్పుడు అర్లాంగ్ దగ్గర లంచం తిన్న నౌకాదళ అధికారి ఒకడు వచ్చి ఆ సొమ్మంతా పట్టుకుపోయాడు.

అక్కడ మేము ఫోను ఆపేశాము. ఎందుకంటే మన గోదావరి జిల్లాల్లో నామి లాంటి అక్కచెల్లెళ్ళు ఎంతమంది లేరు? ఇంటి అప్పు తీర్చాలని, ఆడపిల్ల పెళ్ళి చేయాలని కువైట్ వెళ్ళి, పరాయి ఇంట అంట్లు తోముతూ పదేళ్ళు గడిపినవాళ్ళు. ఏజెంటు అప్పు తీరేసరికి రొయ్యల చెరువు అప్పు, అది తీరేసరికి ఆసుపత్రి అప్పు. ప్రతిసారీ ఇంకొంచెమే అనిపిస్తుంది, ఆ కొంచెం తీరదు. పైగా ఇంట్లోవాళ్ళతో ఫోనులో "బాగానే ఉన్నాను" అనే చెబుతారు.

ఎవడూ తన సహోదరుని విమోచించలేడనీ, ప్రాణానికి తగిన వెల చెల్లించలేడనీ 49వ కీర్తన చెబుతోంది. నామి చేతకాక ఓడిపోలేదు. ఆ బేరమే మోసం. వెల నిర్ణయించినవాడే దొంగ. సాతాను బేరమూ అంతే. ఇంకొంచెం మంచి పనులు చెయ్యి, ఇంకొంచెం కష్టపడు, అప్పుడు నీకు విడుదల అంటాడు.

చివరికి ఆమె నేలమీద కూలబడి, ఎనిమిదేళ్ళుగా ఎవరినీ అడగని సహాయం లూఫీని అడిగింది. అంతకుముందు ఆమె అక్క ఆమె గతం చెప్పబోతే, లూఫీ అది తనకు అక్కర్లేదని నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. ఇప్పుడూ ఒక్క ప్రశ్న వేయలేదు. తన టోపీ ఆమె తలమీద పెట్టి యుద్ధానికి బయలుదేరాడు. అర్లాంగ్‌ను ఓడించడమే కాదు, ఆమెతో పటాలు గీయించిన ఆ గదినే నేలమట్టం చేశాడు.

అయితే ఇక్కడ ఒక భేదం గమనించండి. లూఫీ శత్రువును కొట్టి గెలిచాడు. మన ప్రభువు దెబ్బలు తిని గెలిచాడు. కొలొస్సీ పత్రిక రెండో అధ్యాయంలో పౌలు చెప్పినట్టు, మన మీద ఉన్న పత్రాన్ని ఆయన సిలువకు మేకులతో కొట్టేశాడు. ప్రామిసరీ నోటు బరువెంతో తెలిసిన మనకు ఈ మాట వేరే వివరించనక్కర్లేదు.

తల్లిదండ్రులకు మా మనవి. ఇందులో కొట్లాటలున్నాయి, తాగుడుంది, మరీ చిన్నపిల్లలకు ఇది తగదు. ఎదిగిన పిల్లలైతే పక్కన కూర్చుని చూడండి, తర్వాత మాట్లాడండి. సంఘ పెద్దలకు ఇంకో మాట. నెహెమ్యా ఐదో అధ్యాయం చదవండి. పొలాలూ పిల్లలూ తాకట్టులో ఉన్నారని జనం మొరపెట్టినప్పుడు ఆయన ప్రార్థన చేసి ఊరుకోలేదు, వడ్డీ తీసుకున్నవాళ్ళను పిలిచి నిలదీశాడు. మన మందిరాల్లో వడ్డీకి ఇచ్చేవాళ్ళూ తీసుకునేవాళ్ళూ ఒకే చాప మీద కూర్చుంటున్నారు.

ఒంటరిగా లెక్కలు వేసుకుంటున్న సహోదరీ, బాగానే ఉన్నానని ఇక చెప్పవద్దు. ప్రభువును అడుగు, ఆయన సంఘాన్నీ అడుగు. అడిగిన ఆ రోజున ఏ ప్రశ్నా వేయకుండా లేచి వెంట నడిచే మనసు ప్రభువు మనందరికీ దయచేయును గాక. ఆమేన్.