పడిశం... వెన్నుపూస... ఓ కిటికీ!

కార్తీకం దాటి మార్గశిరం వచ్చిందంటే చాలు, మా పడమటి మండలాల్లో ఏ గొంతు ఎవరిదో పోల్చుకోవడం కష్టం. ఫోనెత్తితే అవతల మాట్లాడేది అక్కో అన్నో తెలియదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం... పాత చిత్తూరు జిల్లాలో ఈ మూడూ రెండు వేల అడుగులకు పైన, మిట్ట మీద ఉన్న ఊళ్లు. తిరుపతిలో ఇంకా ఫ్యాన్లు తిరుగుతుండగానే ఇక్కడ రగ్గులు దిగిపోతాయి. మదనపల్లె మార్కెట్‌కి తెల్లారకముందే టమోటాలు తెచ్చే రైతులు చెవుల చుట్టూ మఫ్లర్లు బిగించుకునే వస్తారు. ఇంట్లో ఒకరికి ముక్కు కారడం మొదలైందంటే వారం తిరిగేసరికి ఇల్లంతా చీదుతూ ఉంటుంది. జలుబు అనేది మేం పత్రికల్లో రాసే మాట. ఇళ్లలో అనేది మాత్రం పడిశమే.

నేను పుట్టింది పుంగనూరులో, చదివింది మదనపల్లెలో. పెదనాన్న వాళ్లది కుప్పం. అందుకని పడిశానికి మూడూళ్ల వైద్యమూ నాకు తెలుసు. అమ్మ శొంఠి, మిరియాలు, ధనియాలు దంచి బెల్లం వేసి కషాయం కాస్తుంది. అవ్వ ఉన్నన్నాళ్లూ పసుపు కొమ్ము కాల్చి ఆ పొగ పీల్పించేది. పెద్దమ్మకి కషాయాల మీద నమ్మకం తక్కువ. నాటుకోడి పులుసులో రెండింతలు మిరియాలు దట్టించి, సంగటిలో వేసి పెడుతుంది. చెమటలు పట్టి, ముక్కు వదిలి, హాయిగా నిద్ర పడుతుంది. వీటిలో దేని మీదా నాకు ఫిర్యాదు లేదు. వేడివేడిగా ఏది తాగినా గొంతుకు సుఖమే. (పసుపు పొగ మాత్రం దగ్గూ ఉబ్బసం ఉన్నవాళ్లకు పనికిరాదు. అవ్వ ఉంటే ఈ మాట ఒప్పుకునేది కాదు.)

అయితే పాతకాలంలో ఇవన్నీ పడిశం వచ్చాక చేసేవి. రాకుండా చేసుకునే వైద్యం అనే ఆలోచన 2020లో కరోనాతో పాటే మా ఇళ్లలోకి వచ్చింది. 'ఇమ్యూనిటీ' అన్న మాట అమ్మ నోట మొదటిసారి విన్నది అప్పుడే. తులసి, దాల్చినచెక్క, మిరియాలు, శొంఠితో కషాయం తాగమని ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆ ఏడాది సూచన చేసింది. ఇంకేముంది, కిరాణా కొట్లలో కషాయం పొడి ప్యాకెట్లు వేలాడాయి. తిప్పతీగను ఇంట్లోనే నూరి రోజూ మింగినవాళ్లూ ఉన్నారు. అలా వాడిన ఆరుగురికి కాలేయం దెబ్బతిన్నదని ముంబయి వైద్యులు 2021లో ఒక వైద్య పత్రికలో రాశారు. ఆయుష్ శాఖ దాన్ని ఒప్పుకోలేదు. ఆ వాదన ఎలా ఉన్నా, ప్రకృతిలో దొరికేదల్లా ఎంత తిన్నా మంచిదే అన్న భరోసా నాకైతే ఆ రోజే పోయింది. మా ఊరి పొట్టి ఆవుకీ ఈ గిరాకీ తగిలింది. పుంగనూరు ఆవు పాలలో వెన్న ఎక్కువన్నది నిజం. ఆ పాలు తాగితే ఏ రోగమూ దగ్గరికి రాదన్నది అమ్మేవాళ్ల మాట.

సరే, ఇవన్నీ తిండి సంగతులు. పోయిన చలికాలం అమ్మ కొత్త కబురు మోసుకొచ్చింది.

"అమ్మీ, బెంగళూరులో వెన్ను సదిరేవాళ్లు ఉండారంట. మెడా నడుమూ టకటకమనిపిస్తే ఇమ్యూనిటీ పెరిగి పడిశమే రాదంట. పది సార్లు పోవాలంట. మీ చిన్నత్త కోడలు పోయొచ్చింది."

"ఎంత తీసుకున్నారంట?"

"అది మాత్రం చెప్పలేదు."

అమ్మకి అరవై మూడేళ్లు. పన్నెండేళ్లుగా షుగరుంది. చలికాలంలో మూడు నాలుగు సార్లు పడిశం పట్టి, ప్రతిసారీ దగ్గుతో పది రోజులు నిద్రలేక అల్లాడుతుంది. రాకుండా చేస్తామని ఎవరన్నా అంటే ఆశ పడకుండా ఎలా ఉంటుంది? అందుకే నవ్వి కొట్టిపారేయలేదు. కూర్చుని ఆ వైద్యం గురించి చదివాను.

దాని పేరు కైరోప్రాక్టిక్. అమెరికాలోని అయోవా రాష్ట్రం, డావెన్‌పోర్ట్ అనే ఊళ్లో 1895లో డి.డి. పామర్ అనే ఆయన మొదలుపెట్టాడు. అంతకుముందు అయస్కాంత వైద్యం చేసేవాడు. తాను ఉన్న భవనంలోనే పనిచేసే చెవిటి మనిషికి వెన్నులో ఒక పూసను సర్దితే వినపడిందని చెప్పుకున్నాడు. పూసలు పక్కకు జరిగి నరాలను నొక్కడం వల్లే చాలా జబ్బులు వస్తాయనీ, వాటిని సరిచేస్తే ఒళ్లు తనంతట తానే బాగుపడుతుందనీ ఆయన సిద్ధాంతం. ఇమ్యూనిటీ మాట పుట్టింది ఆ వేరు నుంచే. నరాలు వెన్నులో నుంచే పోతాయి కాబట్టి వినడానికి నిజమే అనిపిస్తుంది. కానీ వెన్ను సర్దించుకున్నవాళ్లకు పడిశాలు తగ్గాయని తేల్చిన పరీక్ష లేదు. వెన్ను సర్దితే రోగనిరోధక శక్తి పెరుగుతుందని చెప్పడానికి నమ్మదగిన శాస్త్రీయ ఆధారం లేదని ప్రపంచ కైరోప్రాక్టిక్ సమాఖ్యే 2020లో ప్రకటించింది. ఈ మాట వాళ్ల సొంత సంఘానిది కాబట్టే నాకు ఇంకెవరి సాక్ష్యమూ అవసరం అనిపించలేదు. నడుం నొప్పికి కొంత ఉపశమనం ఉంటుందన్నది వేరే సంగతి.

ఆ మాటకొస్తే మనకిది కొత్తా? నడుం పట్టేస్తే, ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లను పిలిపించి తొక్కించుకున్న ఊళ్లు మనవి. విరిగిన ఎముకకు పుత్తూరు కట్టు ఉంది. తిరుపతి దగ్గరి ఆ ఊరికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన రాసి, వెదురు బద్దలు పెట్టి గుడ్డ చుడతారు. ఆధునిక వైద్యులు దాన్ని ఒప్పుకుంటారా లేదా అన్నది అలా ఉంచండి. కట్టు కట్టేవాళ్లు ఎముక కోసం కడతారు గానీ పడిశానికి కట్టరు కదా!

నన్ను భయపెట్టింది మాత్రం మెడ. కటింగ్ షాపులో తల మర్దన చేసి చివర్లో గడ్డం పట్టుకుని ఇటో విసురు, అటో విసురు తిప్పడం మన దగ్గర మామూలే. 'టక్' మంటే కుర్చీలో ఉన్నాయనకు అదో తృప్తి. అలా తిప్పించుకున్న ఒకాయనకు ఊపిరి తీయించే నరం దెబ్బతిని 2017లో గురుగ్రామ్‌లో ఆస్పత్రి పాలయ్యాడు. మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమనులు రెండు మెడపూసల గుండానే పైకి వెళతాయి. గట్టిగా విసిరి తిప్పితే వాటి గోడ చీలి పక్షవాతం రావచ్చు. చాలా అరుదు. అరుదైనా, ముక్కు కారకుండా ఉండటం కోసం ఆ మాత్రం ప్రమాదమైనా ఎందుకు?

"నడుం నొప్పుంటే చెప్పు, ఫిజియోథెరపీకి తీసుకుపోతా. పడిశానికైతే వద్దమ్మా. నీ మెడ ఎవరి చేతికీ ఇవ్వొద్దు" అన్నాను.

"అయితే ఏం జెయ్యమంటావు? చీదతా కూచోనా?" అంది. న్యాయమైన ప్రశ్నే.

దానికి జవాబు మదనపల్లె పక్కనే ఉంది. ఊరికి కాస్త దూరంలోని ఆరోగ్యవరం మీకు తెలిసే ఉంటుంది. మందే లేని కాలంలో క్షయ రోగుల కోసం పలు క్రైస్తవ మిషన్లు కలిసి 1912లో మదనపల్లెలో శానిటోరియం మొదలుపెట్టాయి. 1915లో అది ఇప్పటి చోటికి మారింది. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ దాన్ని నడిపించారు. ఆనాటి వైద్యమంతా మూడే మూడు మాటలు... గాలి, తిండి, విశ్రాంతి. పొడి గాలి తగిలే మిట్ట కాబట్టే ఈ చోటు నచ్చింది. 1948లో మన దేశంలో బీసీజీ టీకా మొదలైన తొలి చోట్లలో మదనపల్లె ఒకటి.

తర్వాత మందులొచ్చాయి. 1956లో మద్రాసులో పెట్టిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం ఓ పరీక్ష చేసింది. కొందరిని శానిటోరియంలో మంచి తిండితో, విశ్రాంతితో ఉంచారు. మరికొందరిని ఇరుకిళ్లలోనే ఉంచారు. ఇద్దరికీ ఒకే మందులు. రెండు గుంపులూ దాదాపు ఒకేలా కోలుకున్నాయని 1959లో తేలింది. జబ్బును నయం చేసేది గాలీ తిండీ కాదు, మందు అని అర్థమైంది. శానిటోరియాల కాలం అక్కడితో ముగిసినట్టే.

మరి గాలీ తిండీ వృథాయేనా? కాదు. అవి జబ్బు తగ్గించేవి కావు, రాకుండా ఆపేవి. జార్ఖండ్‌లో క్షయ రోగుల ఇళ్లలోని మిగతావాళ్లకు నెలనెలా తిండి సరుకులిచ్చి చూశారు. వాళ్లలో కొత్తగా క్షయ రావడం సుమారు 40 శాతం తగ్గిందని 2023లో వెల్లడైంది. రోగనిరోధక శక్తి పెరగడమంటే నా దృష్టిలో అదీ. కడుపునిండా బువ్వ, పప్పు. డబ్బాలో అమ్మే పొడి కాదు.

గాలి సంగతి పడిశానికీ వర్తిస్తుంది. పడిశం తెచ్చేవి వైరస్‌లు. ఒక్క రైనోవైరస్‌లోనే 160 రకాలకు పైగా ఉన్నాయి. అందుకే ఒకటి పోయి ఇంకొకటి వస్తుంది, టీకా కూడా కుదరలేదు. ఇంగ్లండులోని సాల్స్‌బరీలో 1946 నుంచి 1989 దాకా పడిశం కోసమే ఒక పరిశోధన కేంద్రం నడిచింది. మనుషుల్ని తడిపి, చల్లగాలిలో నిలబెట్టి చూశారు. చలి ఒక్కటే పడిశం తేలేదు. చల్లబడిన ముక్కులో వైరస్‌కు కొంత వీలు దొరకొచ్చు. కానీ మన ఇళ్లలో అసలు జరిగేది వేరు. చలేస్తుందని తలుపులూ కిటికీలూ బిగించి, అందరం ఒకే గదిలో పడుకుంటాం. ఒకరు వదిలిన గాలి అందరూ పీల్చాల్సిందే.

అమ్మకి చెప్పినవి ఇవే. పడుకునే గదిలో ఒక కిటికీ కొంచెమైనా తెరిచి ఉంచు. బయటి నుంచి రాగానే సబ్బుతో చేతులు కడుగు, కడగని చేత్తో ముక్కూ కళ్లూ తుడుచుకోవద్దు. ఎవరి తువ్వాలు వాళ్లది. మామూలు నీళ్లతోనే రోజూ పుక్కిలించు. జపాన్‌లో 387 మంది మీద చేసి 2005లో ప్రచురించిన పరీక్షలో, ఉత్త నీళ్లతో పుక్కిలించిన వాళ్లకు పడిశాలు మూడో వంతుకు పైగా తగ్గాయి. మందు కలిపిన నీళ్లకు ఆ ఫలితం రాలేదు, అదో చిత్రం! అన్నిటికన్నా ముఖ్యం నిద్ర. అమెరికాలో 164 మంది ముక్కులో పడిశం వైరస్ చుక్కలు వేసి చూశారు. ఆరు గంటల కన్నా తక్కువ నిద్రపోయినవాళ్లకు, ఏడు గంటలకు పైగా పడుకున్నవాళ్ల కన్నా నాలుగింతలు ఎక్కువగా పడిశం పట్టిందని 2015లో రాశారు. రాత్రి పదకొండు దాకా సీరియళ్లు చూసి నాలుగున్నరకు ముగ్గేసే మా అమ్మకి ఈ ఒక్కటీ నచ్చలేదు.

విటమిన్ సి మాత్రలు రోజూ మింగినా మామూలు మనుషులకు పడిశాలు తగ్గవు. వచ్చిన పడిశం కాస్త తొందరగా పోతుందంతే. ఉసిరికాయ పచ్చడి రుచి కోసం తినండి. ఆవిరి పట్టేటప్పుడు మరిగే గిన్నె చుట్టూ పిల్లల్ని కూర్చోబెట్టకండి, అది ఒలికి కాలిన పిల్లలు చాలామంది. ఏడాది లోపు బిడ్డకు తేనె నాకించొద్దు. పడిశానికి యాంటీబయాటిక్ అడిగి మరీ కొనుక్కోవద్దు, అది వైరస్‌ను ఏమీ చేయదు. షుగరున్నవాళ్లు, పెద్దవాళ్లు ఫ్లూ టీకా గురించి డాక్టరును అడగడం మంచిది.

ఇక కుప్పం సంగతి. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే. రెండేళ్ల కిందట పెదనాన్నకు దసరాకు పట్టిన పడిశం దీపావళికీ వదల్లేదు. పడిశం పోయింది గానీ దగ్గు ఉండిపోయింది. శొంఠి కషాయం, తులసి రసం, పాలల్లో పసుపు... ఇంటికి వచ్చినవాళ్లు తలా ఒక చిట్కా చెప్పారు. మనిషి మాత్రం చిక్కిపోతున్నాడు. చొక్కా వదులైతే 'వయసు' అన్నారు. సాయంత్రం ఒళ్లు వెచ్చబడితే 'చలి' అన్నారు. రాత్రిళ్లు బనీను తడిసిపోతుంటే 'రగ్గు మందం' అన్నారు. నలభయ్యో రోజున మా అన్న బలవంతంగా ప్రభుత్వాస్పత్రికి తీసుకెళితే కళ్లె పరీక్ష చేశారు. టీబీ.

రెండు వారాలు దాటిన దగ్గును ఎవరూ పడిశం ఖాతాలో వేయకూడదు. కళ్లె పరీక్ష, ఆర్నెల్ల మందులు ప్రభుత్వాస్పత్రిలో ఉచితం. పైగా తిండి కోసం నెలకు ఇంత అని రోగి బ్యాంకు ఖాతాలో వేస్తారు. 2018లో 500 రూపాయలతో మొదలై, 2024 నవంబరు నుంచి 1,000 అయింది. పెదనాన్న ఆ డబ్బుతో గుడ్లు కొనుక్కున్నాడు. ఇంట్లో అందరికీ పరీక్షలు చేయించారు. ఆయన పక్కనే పడుకునే ఆరేళ్ల మనవరాలికి ఏమీ లేదని తేలేదాకా మా వదిన ముద్ద ముట్టలేదు.

పెద్దమ్మ కషాయం మానలేదు. మాత్ర మింగించాకే గ్లాసు చేతికిచ్చేది. అలాగైతే నాకూ అభ్యంతరం లేదు. కోర్సు ముగిశాక మళ్లీ పరీక్ష చేస్తే ఏమీ లేదన్నారు. ఆ వారంలోనే పెదనాన్న, ఎన్నో ఏళ్లుగా మేకు కొట్టి మూసేసిన పడకగది కిటికీని వడ్రంగిని పిలిచి తెరిపించి, దోమల జాలీ బిగించాడు. చలేయదా అని అడిగితే "ఇంకో రగ్గు కప్పుకుంటాలే" అన్నాడు.