నాడె లేని మగ్గం కోసం ఇటలీ పోయొచ్చినాను

మన పత్రికలో అందరూ తిరుపతి, శబరిమల పోయొచ్చిన సంగతులు రాస్తా ఉంటారు. నువ్వు ఇటలీ పోయొచ్చినావు కదా, అది రాయి నాయనా అని మా అమ్మాయి పోరు పెట్టింది. నేను చదివింది హిందూపురంలో ఐదో తరగతి. తప్పులుంటే సర్దుకోండి.

మిల్లు మూతపడినాక నేను మాగడి రోడ్డు పక్క ఒక పవర్‌లూమ్ ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేరినాను. 2004లో ఒక దినం మా ఓనరు పిలిచి, "ఏమప్పా, ఇటలీలో పాత రేపియర్ మగ్గాలు అమ్ముతా ఉండారంట. లెక్కలు నేను చూసుకుంటా. మగ్గం మంచిచెడ్డ నీకే తెలుస్తాది, రా పోదాం" అన్నాడు. నేను నవ్వులాటకంటున్నాడు అనుకున్నా. నిజంగానే పాస్‌పోర్టు చేయించినాడు.

నవంబరులో బయలుదేరినాము. అప్పుడు దేవనహళ్లి ఎయిర్‌పోర్టు ఇంకా లేదు, హెచ్‌ఏఎల్ ఎయిర్‌పోర్టు నుంచే విమానం. మా ఇంటామె కట్టిచ్చిన ఊరగాయ సీసా మూత ఊడి, నూనెంతా స్వెట్టరుకు పట్టుకుంది. ఎనిమిది దినాలు ఆ దేశంలో ఆవకాయ వాసనతోనే తిరిగినాను. చలికి వేరే దారి లేదు. యూరో అప్పుడు 55 రూపాయల పైనే. ఒక కాఫీ తాగితే మన ఊర్లో రెండు పూటల భోజనం పోయినట్లే. అందుకని నీళ్లు తాగి ఊరుకునేవాణ్ణి.

మేము పోయిన ఊరు కోమో. మిలాన్ నుంచి రైలెక్కితే గంట దారి. పెద్ద చెరువు, చుట్టూ కొండలు. మనకు ధర్మవరం ఎట్లనో వాళ్లకు పట్టుకు కోమో అట్ల. ఇంకో సంగతి. మనం మోటారుకు ఎన్ని వోల్టులు అంటాం కదా, ఆ మాట వోల్టా అనే ఆయన పేరు మీద వచ్చింది. 1800లో మొదటి బ్యాటరీ చేసిన ఆయన. పుట్టింది కోమోలోనే. ఊరి మధ్యలో బొమ్మ పెట్టినారు. ముప్పై ఏండ్లు కరెంటుతో పని చేసినాను, నాకు ఆ దినమే తెలిసింది. బొమ్మకు దండం పెట్టుకున్నా.

మగ్గాలుండే ఫ్యాక్టరీ ఊరి బయట. పోయి చూస్తే మన మిల్లు మూతపడినప్పుడు ఎట్లుండిందో అట్లనే ఉంది. గోడకు పాత క్యాలెండరు, చిలక్కొయ్యకు ఎవరిదో అంగీ. చైనా పట్టుతో పోటీకి తట్టుకోలేక మూసినారంట. ఆరు మగ్గాలు. వాటికి నాడె ఉండదు, కండె ఉండదు. ఒక ఇనుప చెయ్యి పేక దారాన్ని సగం దాకా తెస్తే, అవతలి చెయ్యి అందుకొని లాక్కుపోతుంది. చప్పుడు కూడా తక్కువ.

బ్రోకరు అన్నీ కొత్తవి మాదిరి ఉన్నాయి, సంతకం పెట్టండి అని తొందర పెట్టినాడు. ఓనరు నా మొగం చూసినాడు. నేను ఒక్కొక్కటి చేత్తో తిప్పి చూస్తా ఉంటే, అక్కడి పాత ఫిట్టరు ఒకాయన, అరవై దాటినోడు, నా పక్కన వచ్చి నిలబడినాడు. ఆయన మాట నాకు రాదు, నా మాట ఆయనకు రాదు. రెండు మగ్గాల దగ్గర మాత్రం తల అడ్డంగా ఊపినాడు. విప్పి చూస్తే ఆ చేతులు నడిచే పట్టీలు అరిగిపోయి ఉన్నాయి. ఆ రెండూ వదిలి నాలుగే కొన్నాము. ధర కూడా తగ్గించినారు.

మధ్యాహ్నం ఆ పెద్దాయన నాకు అన్నం పెట్టినాడు. అన్నం కాదు, మొక్కజొన్న పిండితో గట్టిగా ఉడికించిన ముద్ద. పొలెంటా అంటారంట. అచ్చం మన సంగటి! నా ఊరగాయ ఆయనకు పెట్టినా. కండ్లలో నీళ్లు తిరిగినా మళ్లీ అడిగి పెట్టించుకున్నాడు. మేము వచ్చేటప్పుడు ఆయన గుడ్డ తీసుకొని ఆ నాలుగు మగ్గాలనూ తుడిచినాడు. ఆడపిల్లను అత్తగారింటికి పంపే ముందు తల దువ్వినట్లు అనిపించింది.

ఇంత వరకు మంచి సంగతి. చెడ్డది ఇప్పుడు చెప్తా.

మగ్గాలు ఓడ మీద మద్రాసు హార్బరుకు, అక్కడి నుంచి లారీలో వచ్చినాయి. నేనే దగ్గరుండి బిగించినా. అంతకు ముందు ఎనిమిది నాడె మగ్గాలకు నలుగురు పనివాళ్లు. ఈ నాలుగింటికి ఒక్కడు చాలు. పాతవి తూకానికి పోయినాయి. ముగ్గురికి లెక్క కట్టి పంపించినారు. ఆ ముగ్గురిలో మా బామ్మర్ది ఒకడు. వాణ్ణి పనిలో చేర్పించిందీ నేనే.

"మగ్గాలు బాగున్నాయి అని చెప్పింది నువ్వే కదా బావా" అన్నాడు. అంతే. ఏడాదిన్నర మా గడప తొక్కలేదు. మా ఇంటామె ఇద్దరి మధ్య నలిగిపోయింది.

బయటి నుంచి మగ్గాలు రావడం కొత్త కాదు. మైసూరు పట్టు ఫ్యాక్టరీకి 1912లోనే స్విట్జర్లాండు నుంచి తెప్పించినారు. నేను కాదంటే ఓనరు ఇంకొకణ్ణి పిలుచుకొని పోయేవాడు, అదీ నాకు తెలుసు. కానీ ఆ పొద్దు ఓనరును ఒక్క మాట అడగాల్సింది. మగ్గాలు వస్తే ఈ నలుగురినీ ఏం చేస్తావు సామీ అని. విమానం సంబరంలో నాకు నోరు రాలేదు.

మా బామ్మర్ది ఇప్పుడు ఒక అపార్టుమెంటు గేటు కాడ సెక్యూరిటీగా ఉన్నాడు. మాటలు కలిసినాయి, పండగలకు వస్తాడు. మొన్న ఉగాదికి సంగటి తింటా, "ఇటలీలో కూడా ఇదే పెట్టినారంటివే, ఆ ముసలాయనకు పని దొరికిందా బావా?" అని అడిగినాడు. నాకు తెలీదు అన్నాను. ఇద్దరం కాసేపు మాట్లాడకుండా తిన్నాము.