మల్లిని ఎవరన్న అడిగిన్రా?

పటాన్‌చెరులో షిఫ్టు దిగి పోతిరెడ్డిపల్లిలోని మా ఇంటికి వచ్చిన మా అన్న బిడ్డ, ‘మల్లీశ్వరి’ చూస్తూ అడిగింది: “రాజు పల్లకి పంపితే పోవుడేనా చిన్నాయనా? ఆ పిల్లను ఎవరన్న అడిగిన్రా?”

1951లో బి.ఎన్. రెడ్డి తీసిన సినిమా. దేవులపల్లి మాటలు, పాటలు, సాలూరి బాణీలు. అంత పాత సినిమాను ఇప్పటి న్యాయాలతో తూచకూడదని పెద్దలంటారు. నేనొప్పుకోను. తూచాల్సిందే, కాకపోతే మొత్తం చూసి తూచాలి. మారువేషంలో వచ్చిన శ్రీకృష్ణదేవరాయలతో, ఆయనెవరో తెలియక, బావ నాగరాజు వేళాకోళంగా మల్లికి పల్లకి పంపించమంటాడు. ఆ ఒక్క మాటకు ఆమె రాణివాసం పాలవుతుంది. తల్లికి సంబరం. అంత వైభవంలోనూ మల్లిగా వేసిన భానుమతి కళ్ళు బావ కోసమే వెతుకుతుంటాయి. ఆమెను ఎవరూ అడగలేదని సినిమాకూ తెలుసు. కథలో దుఃఖమంతా పుట్టింది అక్కడే.

నాకు మింగుడుపడనిది ముగింపు. రాయలు క్షమిస్తాడు, జంట కలుస్తుంది, మనం కళ్ళు తుడుచుకుంటాం. ఆడపిల్లలను కోటలోకి తెచ్చి బయటికి పోనివ్వని ఆచారం మాత్రం అట్లాగే ఉంటుంది. అంతఃపురంలో మిగిలిపోయిన ఆడవాళ్ళ ఊసు కథ ఎత్తనే ఎత్తదు. అక్కడ మాత్రం నేనెంతో అభిమానించే బి.ఎన్. రెడ్డినైనా నిలదీస్తాను.